కంఠతా వచ్చిన కథ

గువ్వ చదువుతుంటే గదిలో అందరూ మాటలాపేశారు.

సోఫాలో మఠం వేసుక్కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరుచుకుని, వేలు వరస కింద జరుపుకుంటూ చదువుతోంది. అది కొన్న పుస్తకం కాదు. గువ్వ వెళ్ళే బడిలో పాఠ్యపుస్తకాలే ఉండవు. టీచరు ఒకరోజు కథ చెబుతుంది. మర్నాడు పిల్లలు ఆ కథని తిరిగి చెప్పి, తెల్లకాగితాల పుస్తకంలో దానికి బొమ్మ వేసి, బోర్డు మీది నాలుగు వాక్యాలూ రంగు మైనపు కడ్డీలతో రాసుకుంటారు. ఆ పిల్లలకి అదే పుస్తకం.

"నత్తకి పెళ్ళిపిలుపు వచ్చింది. నత్త ఆ పూటే బయల్దేరింది. అది వెళ్ళేసరికి పెళ్ళికూతురి మనవరాలికి పెళ్ళవుతోంది. 'చూశారా, సమయానికే వచ్చాను' అంది నత్త."

చివరి మాట దగ్గర గువ్వ మెడ సాగదీసి, కళ్ళు చిట్లించి అచ్చం నత్తలా చూసింది. చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త పకపకా నవ్వింది. గువ్వ వాళ్ళ నాన్న వంటగదిలోంచి టీ గ్లాసులతో వస్తూ, "రెండో క్లాసండీ మా అమ్మాయి. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. విన్నారుగా?" అన్నాడు. లిఫ్టు మెకానిక్కు. పాడైన లిఫ్టుని కదిలించినప్పుడు కూడా మొహంలో అంత గర్వం కనపడదు.

ఫ్యాను గాలికి పేజీ తిరిగింది. గువ్వ చూసుకోలేదు. "ఇంకో కథ చదవనా?" అని అడిగి, నత్త కథే మళ్ళీ మొదలెట్టింది. వేలు వరస కింద జరుగుతూనే ఉంది.

సోఫా వెనక నిలబడి తొంగిచూస్తున్న మేనత్త కొడుకు, గువ్వ ఈడువాడే, "అత్తా, ఆ పేజీలో నత్త లేదు. గాడిద ఉంది," అన్నాడు.

వాడి గొంతులో వెక్కిరింత లేదు. ఉన్నమాట చెప్పాడంతే. గువ్వ వేలు మాత్రం ఆగిపోయింది.

తల్లి లేచి వచ్చింది. పుస్తకం కూతురి ఒళ్ళో ఉండగానే వంగి ఒక అక్షరం మీద గోరు పెట్టింది. "ఇదేంటి?"

గువ్వ అక్షరం వైపు చూడలేదు. తల్లి పెదాల వైపు చూసింది.

"ఇక్కడ చూడు. ఏంటిది?"

"య."

"మ. సరే, ఇది?"

గువ్వ ఈసారి బావ వైపు చూసింది. వాడికి ఆగడం చాతకాలేదు. "వ" అనేశాడు. "వ" అంది గువ్వ వెంటనే, తనకే తట్టినట్టు.

మేనత్త టీ గ్లాసు అందుకుని, "పోనిద్దూ, చిన్నపిల్ల. మావాడి బళ్ళో అయితే ఈపాటికి పేపరు చదివించేస్తారు, అది కూడా మంచిది కాదంటార్లే," అంది. ఆ మాట ఓదార్పో ఎత్తిపొడుపో తెలుసుకునే తీరిక తల్లికి లేకపోయింది. గువ్వ పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని, స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

చుట్టాలు వెళ్ళాక తల్లి భర్త మీద పడింది.

"రెండేళ్ళు! రెండేళ్ళ నుంచీ చిలకలా అప్పజెబుతోంది. చదువుతోందని మనం మురిసిపోతున్నాం."

"ఆ బళ్ళో నిదానంగానే నేర్పుతారని చేర్పించేటప్పుడే చెప్పారు కదే. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చేదాకా అక్షరం జోలికే పోరు. మొదటి క్లాసంతా బొమ్మలోంచి అక్షరం తీశారు. గుహ బొమ్మ వేసి, అందులోంచి 'గ' తీస్తే నువ్వే చూసి ముచ్చటపడ్డావు."

"పళ్ళన్నీ వచ్చాయి. మీ అమ్మాయి చెరుకు కూడా నమిలేస్తోంది. అక్షరాలే రాలేదు."

"నన్ను చూడు. బెత్తంతో కొట్టి నేర్పారు. ఏం చదువుతున్నాను? లిఫ్టు లోపల అంటించిన హెచ్చరికలు."

నవ్వించాలని అన్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. స్నానాలగది తలుపు దగ్గరికి వెళ్ళి, "గువ్వా, తలుపు తియ్యి," అంది. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది.

*

మర్నాడు పొద్దున్న ఆమె కూతుర్ని బడి గేటు దగ్గర వదలకుండా క్లాసు గుమ్మం దాకా వెళ్ళింది.

గుమ్మంలో క్లాసు టీచరు నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, జుట్టులో అక్కడక్కడ సుద్దపొడి. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెయ్యి అందించి, కళ్ళలోకి చూసి, ఒక మాట మాట్లాడి లోపలికి పంపుతోంది. "దగ్గు తగ్గిందా?" "చెల్లి ఏడుస్తోందా ఇంకా?" గువ్వ చెయ్యి పట్టుకుని ఇంకాస్త సేపు చూసింది. "నిన్న ఏడ్చావా?" అనడిగింది మెల్లిగా. గువ్వ తల అడ్డంగా ఊపి లోపలికి జారుకుంది.

"మీతో మాట్లాడాలి టీచరుగారూ. దానికి ఒక్క అక్షరం కూడా రావట్లేదు."

టీచరు మొహం మారింది. ఏదో అనబోయి, వరండా చివర గది వైపు ఒకసారి చూసింది. ఆ గది బడి పెట్టిన పెద్దావిడది. తలుపు ఓరగా తీసి ఉంది.

"కొంచెం... టైమివ్వండి," అంది టీచరు. అప్పజెప్పిన పాఠంలా ఉంది ఆ మాట. "ఇప్పుడు పిల్లలు లోపలున్నారు. సాయంత్రం బడి వదిలాక రాగలరా?"

"సాయంత్రం నాకు షాపు. మీకు తెలుసుగా."

"తెలుసు," అని, చేతులకంటిన సుద్ద దులుపుకుని, టీచరు తలుపు దగ్గరికి వేసింది.

గువ్వ తల్లి వెంటనే కదల్లేదు. కిటికీలోంచి చూసింది. పిల్లలు గుండ్రంగా నిలబడి, అడుగులేస్తూ, చప్పట్లు కొడుతూ మూడో ఎక్కం అంటున్నారు. మూడో అడుగు దగ్గర గట్టి చప్పట్లు. గువ్వ అందరికంటే గట్టిగా అంటోంది, అందరికంటే ముందు అడుగేస్తోంది. గోడవారన ఒక్కో బుట్టలో ఒక్కొక్కరి అల్లిక, ఊలు ఉండలో గుచ్చిన చెక్కసూదులు. బోర్డు నిండా రంగుసుద్దలతో వేసిన అడవి. పొద్దున్నే వచ్చి వేసుంటుంది. ఆకుల మీద వెలుగు కూడా వేసింది. ఎంత ఓపిక! ఆ ఓపికలో పావు వంతు అక్షరాల మీద పెట్టకూడదా?

కూర్చున్నాక టీచరు అడవి కింద రాసిన వాక్యాల మీద కర్ర జరిపింది. పిల్లలంతా ఒక్క గొంతుతో చదివారు. గువ్వ కూడా చదివింది. ఎక్కం చెప్పినప్పుడు ముందున్న గొంతు ఇప్పుడు ఎక్కడుందో కిటికీ దగ్గరికి వినపడలేదు.

*

మందుల షాపు పెద్దాసుపత్రి ఎదురుగా ఉంటుంది. ఆమె పని డాక్టర్ల రాత చదవడం. కొందరు డాక్టర్లు రాసింది వాళ్ళకే అర్థం కాదు. ఆమెకి అర్థమవుతుంది. ఒక్క అక్షరం తేడాతో గుండె మందూ, నిద్ర మందూ పక్కపక్క అరల్లో ఉంటాయి. అందుకని ఆమె చీటీని ఒకసారి కళ్ళతో, ఒకసారి పెదాలతో చదువుతుంది. ఆ తర్వాతే కత్తెర అందుకుని, రోగికి కావలసినన్ని మాత్రలు అట్టలోంచి కత్తిరిస్తుంది.

ఆ రోజు ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో ఖరీదైన ఫోను. ఆమె మందుల కవరు మీద పేరు, వేళలు రాసి ఇచ్చింది. ఆయన దాన్ని తిప్పితిప్పి చూసి, వెనక వరసలో ఎవరూ వినకుండా కౌంటరు మీదకి వంగాడు.

"బొమ్మ వేస్తారటగా మీరు?"

చదువు రానివాళ్ళకి ఆమె కవరు మీద పొద్దుటికి పొడిచే సూర్యుణ్ణి, మధ్యాహ్నానికి నిండు సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీస్తుంది. వచ్చేది ఎక్కువగా కూలిపని చేసుకునేవాళ్ళే. అడగడానికి సిగ్గుపడరు. "అమ్మా, సూరీణ్ణి గియ్యి," అని దర్జాగా అడుగుతారు. ఇంత సిగ్గుతో ఎవరూ అడగలేదు.

"కళ్ళజోడు మర్చిపోయారా?" అంది, ఆయన్ని ఒడ్డున పడెయ్యడానికి.

"ఆ, అదే. మర్చిపోయా." ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

ఆమె సూర్యుణ్ణి గీసింది. చంద్రుడి దగ్గర పెన్ను ఆపింది. ఈయన తల్లి కూడా ఒకప్పుడు ఎవరి చేతో తనలాగే, కొంచెం టైమివ్వండి అనిపించుకుని ఉంటుందా? ఆయన వెళ్ళేటప్పుడు దండం పెట్టాడు. ఆ దండం ఆమెకి రోజంతా గుర్తొస్తూనే ఉంది.

సాయంత్రం ఫోను మోగింది. గువ్వ క్లాసులో కవలలున్నారు. వాళ్ళ నాన్న.

"గువ్వ వాళ్ళమ్మగారేనా? ఎల్లుండి తల్లిదండ్రుల మీటింగుంది. మావాళ్ళిద్దరూ కూడా అంతంత మాత్రమేనండీ. అందరికీ లోపల ఉడుకుతోంది, పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు లేరు. మీరు మొదలెట్టండి, మేం వెనకుంటాం."

"మొదలెడతాను," అందామె.

*

మీటింగు గువ్వ క్లాసులోనే జరిగింది. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. టీచరు బోర్డు పక్కన నిలబడింది. పెద్దావిడకి మాత్రం ఆఫీసులోంచి మామూలు కుర్చీ తెచ్చి వేశారు.

పెద్దావిడ గొంతు మెత్తన. వింటుంటే నిద్రొస్తుంది, కోపం కూడా వస్తుంది. పిల్లలు ఏడేళ్ళదాకా అనుకరణతో, తర్వాత బొమ్మతో, లయతో నేర్చుకుంటారని చెప్పింది. పొద్దున్నే మనసు తాజాగా ఉన్నప్పుడు ఒకే పాఠం కొన్ని వారాలపాటు ఎందుకు నడుపుతామో చెప్పింది. వేళ్ళకి అల్లిక వస్తే ఆలోచనకి కూడా అల్లిక వస్తుందంది. "మొక్కని రోజూ పీకి, వేరు ఎంత పెరిగిందో చూస్తామా?" అని నవ్వింది.

గువ్వ తల్లి లేచింది. లేచేటప్పుడు చిన్న కుర్చీ ఆమెతోపాటు లేచింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో ఆమె గొంతు ఇంకాస్త పెరిగింది.

"మొక్కకి చీడ పడితే చూడద్దాండీ?"

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

"మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. 'మ'కీ 'య'కీ తేడా తెలీదు. కథ కంఠతా పట్టి, వేలు జరుపుతూ మమ్మల్ని మోసం చేస్తోంది. దాని తప్పు కాదు. రెండేళ్ళ నుంచీ ఒకే టీచరు. రోజూ దాని చెయ్యి పట్టుకుని కళ్ళలోకి చూస్తారు కదా, ఏం కనపడింది ఆ కళ్ళలో? ఈవిడ రెండేళ్ళుగా ఏం చేసింది? బోర్డు మీద అడవులేసింది. అడవిలో మా పిల్ల తప్పిపోయింది."

మాట అయిపోయాక గానీ ఎంత బాగా వచ్చిందో ఆమెకి తెలియలేదు. వెనకనుంచి "నిజమే," అన్నారెవరో. కవలల నాన్న లేచాడు. ఇంకొకరు లేచారు. ఒకాయన, మా వాడికి కూడికలు రావు గానీ ఊలు టోపీ వచ్చింది, ఆ టోపీ పెట్టుకుని ఏ ఉద్యోగానికి పోవాలన్నాడు. అంతా ఒక్కసారే మాట్లాడారు.

టీచరు చేతిలోని సుద్దముక్కని నలుపుతూ నిలబడింది. అది పొడయి కాళ్ళ దగ్గర రాలింది. ఒక్కసారి తలెత్తి పెద్దావిడ వైపు చూసింది. పెద్దావిడ కిటికీ వైపు చూసింది.

"మీ ఆవేదన అర్థమైంది," అంది పెద్దావిడ. "రెండు రోజుల్లో తగిన నిర్ణయం తీసుకుంటాం."

ఇంటికెళ్ళేటప్పుడు గువ్వ తల్లి ఒంట్లో ఏదో తేలికయింది. "మరీ అడవిలో తప్పిపోయిందనాలా?" అన్నాడు పక్కన నడుస్తున్న భర్త.

"అనాలి."

"వేసవి సెలవుల్లో నువ్వు రోజూ కూర్చోబెట్టావుగా. ఆ మాట చెప్పలేదే?"

ఆమె సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. "దానికీ దీనికీ సంబంధం లేదు," అంది.

*

శుక్రవారం పెద్దావిడ కబురు పెట్టింది. గువ్వ తల్లి షాపులో గంటసేపు సెలవడిగి వచ్చింది.

"రండి, కూర్చోండి. మీ మాటకి విలువిచ్చామని మీకే ముందు చెబుదామని," అంది పెద్దావిడ. "మీ క్లాసు టీచర్ని ఇవాళ్టితో తప్పుకోమన్నాం. మామూలుగా మా పద్ధతిలో ఒకే టీచరు ఎనిమిదో క్లాసుదాకా ఆ పిల్లలతోనే నడవాలి. మధ్యలో మార్చడం మాకూ బాధే. కానీ మీరు అంతమందిలో అలా అన్నాక తప్పలేదు. సోమవారం నుంచీ బాగా అనుభవమున్నావిడ వస్తారు."

గెలిచినట్టే. ఆమె కుర్చీలో కాస్త వెనక్కి వాలింది. "పిల్లలకి చదవడం వస్తే అంతే చాలండీ మాకు."

"వస్తుంది, వస్తుంది. తొందరపడకపోతే అన్నీ వస్తాయి. ఈవిడకి మొదట్నుంచీ ఓర్పు తక్కువండీ, అదే చిక్కు. మీ అమ్మాయి సంగతే తీసుకోండి. పోయిన ఏడాది నుంచీ నా ప్రాణం తోడేసింది. ఈ పిల్లకి అక్షరాల దగ్గర ఏదో ఇబ్బంది ఉంది, ఇది మామూలు ఆలస్యం కాదు, పరీక్ష చేయించాలి, వాళ్ళమ్మకి చెబుతానని ఒకటే పోరు. పసిపిల్ల మీద ముద్ర వేస్తామా? కుదరదన్నాను. పోయిన నెల మళ్ళీ వచ్చింది. ఈసారి తల్లిదండ్రులతో ఆ మాటెత్తితే ఇంక ఈ బళ్ళో ఉండనక్కర్లేదని గట్టిగా చెప్పాల్సొచ్చింది. కొత్తావిడ అలా కాదు. మన పద్ధతి మీద నమ్మకం ఉన్న మనిషి."

పెద్దావిడ నవ్వుతూ మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

గువ్వ తల్లి దాన్ని ముట్టుకోలేదు. విన్నది ఒకసారి చెవులతో, ఒకసారి పెదాలతో చదువుకుంది. "ఆవిడ... నాకు చెబుతానంది. మీరు వద్దన్నారు."

"మీ మంచికే."

"మరి మొన్న నేను అన్నన్ని మాటలంటుంటే మీరు పక్కనే కూర్చున్నారుగా?"

"లోపలి మాటలు అందరి ముందూ మాట్లాడుకోంగా అండీ. మాకో కట్టుబాటుంటుంది."

"నా మాట నేను వెనక్కి తీసుకుంటాను. ఆవిణ్ణి ఉంచండి."

"ఇది మీ ఒక్కరి మాట మీద జరిగింది కాదు."

"నా మాట వల్లే అని ఇందాక మీరే అన్నారు!"

పెద్దావిడ గొంతు మెత్తగానే ఉంది. "అయిపోయిందండీ. ఆవిడ సామాను సర్దుకుంటోంది."

*

బడి వదిలేశారు. క్లాసులో టీచరు ఒక్కతే పిల్లల కుర్చీలో కూర్చుని ఉంది. సామానేమీ సర్దడం లేదు. ముందు పిల్లల అల్లికల బుట్టలున్నాయి. ఒక్కో అల్లికా తీసి, వెలుగుకి పట్టి, జారిపోయిన కుట్లు వెతికి, చెక్కసూదితో పైకి లాగుతోంది.

"సోమవారం చూసుకుని ఏడుస్తారు," అంది తలెత్తకుండానే. "కొత్తావిడకి ఎవరి కుట్టు ఎక్కడ జారుతుందో తెలియడానికి టైము పడుతుంది."

గువ్వ తల్లి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. "పెద్దావిడ చెప్పింది," అంది. "మీరు నాకు చెబుతానంటే..."

సూది ఆగింది. "ఆవిడే చెప్పిందా?"

"గొప్పగా చెప్పింది."

టీచరు నవ్వబోయింది, నవ్వు రాలేదు. సూది పక్కన పెట్టి చెప్పడం మొదలెట్టింది. "పాటలోనూ ఎక్కాల్లోనూ గువ్వ అందరికంటే ముందుంటుంది. బోర్డు మీద చదివేటప్పుడు అరక్షణం వెనక. పక్కవాళ్ళ పెదాలు చూసి అంటుంది. మొదట సిగ్గేమో అనుకున్నా. ఒకరోజు కావాలనే కథలో ఒక మాట మార్చి రాశాను. 'నత్తకి పెళ్ళిపిలుపు' అనే చోట 'నక్కకి' అని. పిల్లలంతా ఆగిపోయి పకపకా నవ్వారు. గువ్వ నత్త అనే చదివింది. తర్వాత అందరూ నవ్వుతున్నారని తను కూడా నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు నిద్ర పట్టలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అడిగాక ఆ ప్రశ్న తనకే సిగ్గనిపించింది.

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెబితే ఉద్యోగం పోతుందన్నారు. చెప్పలేదు. అయినా పోయింది. పోయేదేదో చెప్పి పోగొట్టుకుంటే బావుండేదని మొన్నట్నుంచీ అనుకుంటున్నా." టీచరు మళ్ళీ కుట్టు అందుకుంది. "ఈ పద్ధతి నాకిష్టం. బొమ్మలోంచి అక్షరం రావడం, చెయ్యి నేర్చింది మనసుకి ఎక్కడం, చాలామంది పిల్లల్లో కళ్ళారా చూశాను. అందరికీ ఒకటే మందు పనిచెయ్యదంటే మాత్రం ఇక్కడ వినరు."

మందుల మాట వినేసరికి ఆమెకి ఇంక దాచుకోవడం కుదరలేదు. "వేసవి సెలవుల్లో నేను దాన్ని రోజూ కూర్చోబెట్టాను. పలకా, స్కేలూ పట్టుకుని. నాకు రాని రాత లేదు కదా, నేను నేర్పితే ఎందుకు రాదనుకున్నా. ఒక్క అక్షరం నిలవలేదు. కొట్టాను కూడా. మీటింగులో ఆ సంగతి ఎత్తలేదు."

"తెలుసు."

"అది చెప్పిందా?"

"చెప్పలేదు. సెలవుల తర్వాత వచ్చిన మొదటివారం, నేను అక్షరం చూపిస్తే చెయ్యి వెనక్కి దాచుకునేది."

గువ్వ తల్లి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "నన్ను క్షమించండి," అంది.

"ఇప్పుడు క్షమించానంటే మీకు తేలికవుతుంది," అంది టీచరు. గొంతులో కసి లేదు, అలసట ఉంది. "నాకింకా కోపంగానే ఉందండీ. మీ మీద కూడా. ఆ పిల్లల్ని ఎనిమిదో క్లాసుదాకా చూడాలనుకున్నాను." అల్లికని బుట్టలో పెట్టి, ఇంకోటి తీసింది. "మీ షాపు ఎదురుగా పెద్దాసుపత్రిలో, పిల్లల విభాగం పై అంతస్తులో ఒకావిడుంది. చదవడంలో ఇబ్బందుల్ని చూస్తుంది. శనివారాలు ఉంటుంది. రేపే తీసుకెళ్ళండి."

గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి మళ్ళీ అంది. "మీ అమ్మాయొక్కతే కాదు. ఈ క్లాసులో ఇంకో ఇద్దరున్నారు, పెదాలు చూసేవాళ్ళు."

*

ఆసుపత్రిలో ఆవిడ గువ్వ చేత చదివించనే లేదు ముందు. మాటలు విరిచి చెప్పించింది, శబ్దాలు విడదీయించింది, ఇసుక పళ్ళెంలో వేలితో గీయించింది. తల్లిని గదిలో ఓ మూల, గువ్వ వెనక కూర్చోబెట్టింది, పెదాలు కనపడకుండా. తను కూడా నోటికి అట్ట అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి గువ్వ అటూ ఇటూ చూసి, చూడ్డానికి ఎవరి పెదాలూ దొరక్క, "నాకు రాదు," అంది. ఆ మాట అనడం అదే మొదటిసారి.

"రాదని చెప్పినందుకు సంతోషం," అంది ఆవిడ. "ఇంక పని మొదలెట్టచ్చు."

తర్వాత తల్లితో విడిగా చెప్పింది. తెలివికి లోటేమీ లేదు. అక్షరానికీ, శబ్దానికీ ముడి పడడంలో ఉంది చిక్కు. ఇలాంటి పిల్లలు చాలామందే ఉంటారు. వేరే దారిలో, వారానికి రెండుసార్లు నేర్పాలి. నేర్చుకుంటుంది, కాకపోతే నిదానంగా. "కంఠతా పట్టి ఇన్నాళ్ళు నెట్టుకొచ్చిందంటే ఎంత కష్టపడిందో! పోయినేడు తెచ్చుంటే ఇంకా తేలికయ్యేది."

బయటికొచ్చాక గువ్వ మెట్లు రెండేసి దూకుతూ దిగింది. "సోమవారం టీచరుకి చెబుతానమ్మా. నాకు వేరే దారి ఉందటని. టీచరుకి నాకు రాదని తెలుసు. అయినా ఏమీ అనేది కాదు."

తల్లి మెట్టు మీద ఆగింది. ఊరు మారిందనచ్చు, ఒంట్లో బాగాలేదనచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి.

"టీచరు సోమవారం రాదు గువ్వా. ఇంక రాదు."

"ఎందుకు?"

"నా వల్ల. ఆవిడ నీకేమీ నేర్పలేదని అందరి ముందూ చెప్పాను. బాగా గట్టిగా చెప్పాను. అందుకని పంపించేశారు."

గువ్వ కింది మెట్టు మీద నిలబడి పైకి చూసింది. పెదాల వైపు కాదు, కళ్ళలోకి. "అబద్ధం కదా అది."

"అవును. అప్పుడు నాకు తెలీదు. కొంచెం తెలుసు కూడా."

గువ్వ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. చెయ్యి పట్టుకోకుండా ముందు నడిచింది. రోడ్డు దగ్గర మాత్రం ఆగి, వెనక్కి తిరగకుండానే తల్లి వచ్చేదాకా నిలబడింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇల్లు దగ్గరపడుతుండగా అంది, "అయితే మళ్ళీ అందరి ముందూ చెప్పు."

"ఏమని?"

"అబద్ధమని."

ఆదివారం ఆమె టీచరుకి ఫోను చేసి, అందరి ముందూ నిజం చెబుతానంది. "బడివాళ్ళు మళ్ళీ పిలిచినా నేను రాను," అంది టీచరు. మళ్ళీ తనే, "మీరు మాత్రం చెప్పండి. నా కోసం కాదు," అంది.

*

సోమవారం పిల్లల్ని దింపే వేళకి ఆమె బడి గేటు దగ్గర నిలబడింది. భర్త పనికి ఆలస్యంగా వెళ్తానని చెప్పి వచ్చి, గువ్వ సంచి పట్టుకుని కాస్త ఎడంగా నిలబడ్డాడు.

కవలల నాన్న మొదట దొరికాడు. విషయమంతా విని, తల గోక్కున్నాడు. "ఇప్పుడు ఇదంతా ఎందుకండీ తవ్వుకోవడం? మొదలెట్టింది మీరే, మళ్ళీ మీరే... మాకు తల కొట్టేసినట్టుంటుంది." పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని లోపలికెళ్ళిపోయాడు. ఊలు టోపీ ఆయన ఆగనే లేదు. ఒకావిడ అంతా విని, "పాపం," అని, వాచీ చూసుకుని వెళ్ళింది. ఇంకొకావిడ, "అంటే మీ అమ్మాయికే ఏదో లోపమన్నమాట," అంది, గువ్వ వినేలాగే. తల్లి ఏదో అనబోయింది. జవాబు చెబితే చెప్పాల్సింది పక్కదారి పడుతుంది. మింగేసింది.

వరండాలో పెద్దావిడ నిలబడి చూస్తోంది.

అప్పుడొచ్చింది, రోజూ అందరికంటే ఆఖర్న కొడుకుని లాక్కుంటూ వచ్చే ఒకామె. మీటింగులో వెనక కూర్చుని ఒక్క మాటా మాట్లాడని మనిషి. సగం విని ఆగిపోయింది. "పెదాలు చూడడమంటే?" అంది. "ఎలా చూస్తారు?"

గువ్వ తల్లి చెప్పింది.

ఆమె తన కొడుకు తల మీద చెయ్యి వేసింది. వాడు తలొంచుకుని చెప్పుతో నేల గీస్తున్నాడు. "మావాడూ అంతేనండీ," అంది మెల్లిగా. "పొగరనుకున్నా. మాట్లాడేప్పుడు కళ్ళలోకి చూడమని కొట్టాను కూడా."

ఆ మాట విని ఒకరిద్దరు ఆగారు. వెనకొచ్చేవాళ్ళు ఏం జరుగుతోందోనని ఆగారు. గేటు దగ్గర చిన్న గుంపు చేరింది. షాపుకి వేళయిపోయింది. గువ్వ తల్లి నోరు తెరిచింది. మీటింగులో తన్నుకొచ్చిన గొంతు ఇప్పుడు చాలా చిన్నగా వచ్చింది.

"మొన్న నేను ఆ టీచరు గురించి అన్నది తప్పు," అంది. "ఆవిడ మా అమ్మాయి ఇబ్బంది పోయినేడే కనిపెట్టింది. మాకు చెప్పకుండా ఆవిణ్ణి ఆపారు. ఇంట్లో నేను కూడా..." ఆ మాట గొణుగుడైపోయింది.

గువ్వ, నాన్న పక్కనుంచి ఇవతలికొచ్చింది. తల్లి కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మా, గట్టిగా చెప్పు. వెనకవాళ్ళకి వినపడట్లేదు."